రెండో సాక్ష్యం

టీచరమ్మను సమాధి చేసిన ఎనిమిదో రోజున, ఆమె ఇంట్లో అద్దెకుండే నర్సు అమ్మాయి మా గుమ్మంలోకి వచ్చి, మేడం ఇమ్మన్నారంటూ ఒక చిన్న అట్టపెట్టె నా చేతిలో పెట్టింది.

"మేడం నే బోలా థా, చర్చ్ వాలే అంకుల్ కో దేనా."

పెట్టె మీద సుద్దముక్కతో "తమ్ముడు" అని రాసి ఉంది. లోపల ఏముందో నాకు తెలుసు. విప్పలేదు. ఫ్రిజ్ మీద పెట్టి, కుళాయి వచ్చే వేళయితే వెళ్లి బకెట్లు పట్టాను. సమాధి రోజు నుంచీ ఇలాగే ఉంది. పనులన్నీ అవుతున్నాయి. చేతులు నావే. ఆదివారం ప్రార్థన కూడా చేశాను, అందరూ ఆమేన్ అన్నారు. ఏం ప్రార్థించానో ఇంటికి వచ్చాక గుర్తు లేదు.

ఆమె పేరు ఇక్కడ రాయను. ఆ పేరు సంఘం రిజిస్టరులో ఉంది, పైన ఉండే గ్రంథంలోనూ ఉందని నా నమ్మకం. ఊళ్లో మాత్రం ఆమెను ఎవరూ పేరుతో పిలవలేదు. సెక్టర్ 4 బడిలో జీవశాస్త్రం చెప్పేది కాబట్టి అందరికీ టీచరమ్మ. నాకంటే ఎనిమిదేళ్లు పెద్దది, చరోదా రైల్వే కాలనీలో మా ఇంటికి నాలుగిళ్ల అవతల పెరిగింది కాబట్టి నాకు అక్క.

భిలాయిలో ఇద్దరు తెలుగువాళ్లు కలిస్తే మొదటి మాట "తెలుగోళ్లా?", రెండో మాట "ఏ ఊరు?" ఉక్కు ప్లాంటుకని, రైల్వేకని తాతలు వచ్చారు. మనవలకు తెలుగు కంటే హిందీ బాగా వచ్చు. అయినా పాలకొండ తాత మనవడు పాలకొండ వాడే, బొబ్బిలి తాత మనవరాలు బొబ్బిలి పిల్లే. ఆ ఊరి బస్టాండు ఎటువైపు ఉంటుందో తెలియకపోయినా సరే.

టీచరమ్మను ఆ రెండో మాట అడిగితే ఎప్పుడూ ఒకే జవాబు.

"బాగా దూరమమ్మా. నడిచే వచ్చాం."

ఒకసారి సుపేలా నుంచి ఆటోలో ఇద్దరం వస్తున్నాం. ఎదురుగా కూర్చున్న ఆవిడ మా మాటలు విని, "ఆప్ లోగ్ ఆంధ్రా సే హో క్యా? కౌన్ గావ్?" అంది. నేను పాలకొండ పేరు చెప్పాను. టీచరమ్మ, "మై బహుత్ దూర్ సే హూఁ. పైదల్ ఆయీ" అంది. ఆవిడ టీచరమ్మ చెప్పుల వైపు చూసింది.

ఆమె చేతిసంచీలో ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉండేది. ఎక్కడ ఏ మాట వచ్చినా గీసి చూపించాలి. మా ప్రార్థన గుడి మెట్లమీద, ఆసుపత్రి బల్లమీద, మా ఇంటి వంటగట్టు మీద కూడా గీసింది. చెప్పడం అయ్యాక చీరకొంగుతో తుడిచేసేది. అందుకే ఏ చీర కట్టినా కొంగు చివర తెల్లగా ఉండేది.

ఆదివారపు బడిలో ఆమెకు చిన్నపిల్లల తరగతి ఇచ్చాం. నాలుక గొట్టంలా మడవడం కొందరికే వస్తుందనీ, అలాంటివి ఇంట్లో పెద్దవాళ్ల నుంచి కొంత వస్తాయనీ చెప్పి, ఇంటికెళ్లి ఎవరికి వస్తుందో చూసి రమ్మంది. మరుసటి వారం ఆరాధనలో పిల్లలందరూ నాలుకలు చాపుకుని కూర్చున్నారు. సంఘం కోశాధికారి గారు ఆమెను పట్టుకున్నారు.

"ఏటమ్మా టీచరమ్మా, ప్రార్థనలో పిల్లలు నాలుకలు చాపుతన్నారు."

"ప్రార్థనలో కళ్లు మూసుకుంటే మీకెలగ కనిపించాయి బాబుగారూ?"

ఆయన పోయేదాకా ఈ మాట చెప్పుకుని నవ్వేవారు.

బైబిలు వాక్యం చదివేటప్పుడు ఎవరూ ఇష్టపడని అధ్యాయాలే ఆమెకు ఇష్టం. ఫలానా వాడు ఫలానా వాణ్ణి కన్నాడని పేజీలకు పేజీలు సాగే వంశావళులు. మనం దాటేసి వెళ్తాం. ఆమె కిటికీ పక్కన కూర్చుని, చదివేవాడితోపాటు పెదవులు కదుపుతూ, చేతి వేళ్లమీద ఏదో లెక్క పెట్టేది. ఏమిటని అడిగాను.

"అమ్మల్ని లెక్కెడుతున్నాను తమ్ముడూ. నలుగురైదుగురు కూడా దొరకట్లేదు."

ఆమె ఎందుకు లెక్కపెట్టేదో చెప్పాలంటే వేగను సంగతి చెప్పాలి.

ఆమెను పెంచిన తండ్రి చరోదా యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. వానాకాలంలో ఒక పొద్దున్న, రాత్రి వచ్చి నిలిచిన గూడ్సులో ఒక ఖాళీ వేగనులోంచి ఏడుపు వినిపించింది. తలుపు సందులోంచి చూస్తే గోనెసంచీలో పసిపిల్ల. వేగను ఏ యార్డుకు వస్తే ఆ యార్డువాళ్లు దానిమీద సుద్దతో గుర్తులు వేసేవాళ్లు. ఆ గుర్తులు చూస్తే అది ఎక్కడెక్కడ తిరిగి వచ్చిందో యార్డు మనిషి చెప్పగలడు. ఆయన పిల్లను ఎత్తుకుని, ముందు చూసింది ఆ గుర్తుల కోసమేనట. రాత్రంతా వాన. వేగను కడిగినట్టు ఉంది.

పిల్లను ఇంటికి తెచ్చుకున్నాడు. బాప్తిస్మం ఇప్పించాడు. ఆ రోజు రిజిస్టరులో స్వస్థలం అనే గడి దగ్గర కలం ఆగింది. ఆయనది సాలూరు వైపు. సాలూరు అని రాయమన్నాడు. ఆయన అన్నయ్య లేచి, "వేగన్లో దొరికిన పిల్ల మా ఊరి పిల్ల ఎలగవుతాది?" అన్నాడు. గడి ఖాళీగా ఉండిపోయింది.

ఆ గడి మా సంఘంలో చిన్న విషయం కాదు. మొదట్లో ఇక్కడికి వచ్చినవాళ్లకు అయినవాళ్లు ఎవరూ లేరు. ఎవరైనా పోతే సొంత ఊరివాళ్లే ముందుకొచ్చి మట్టి వేసేవాళ్లు. అది అలవాటై, ఆచారమైంది. ఇప్పటికీ సమాధి దగ్గర కార్యదర్శి రిజిస్టరు తెరిచి పేరు, స్వస్థలం చదువుతాడు. ఆ ఊరి కుటుంబాల వాళ్లు ముందు పిడికెడు మట్టి వేస్తారు. మిగతావాళ్లు ఆ తర్వాతే.

ముప్పై ఏళ్ల కింద నేను కార్యదర్శినయ్యాక, పాత రిజిస్టరుకు చెదలు పట్టిందని కొత్తదాంట్లోకి అంతా నా చేత్తో ఎత్తి రాశాను. నెల రోజులు పట్టింది. చక్కటి దస్తూరి అని పాస్టరుగారు మెచ్చుకున్నారు. టీచరమ్మ చూడ్డానికి వచ్చింది. తన వరుస దగ్గర వేలు ఆపింది.

"తమ్ముడూ, ఇదేటి?"

"స్వస్థలం అక్కా. పాతదాంట్లో ఖాళీగా ఉంది. ఖాళీ వదిలితే బాగోదని 'తెలియదు' అని రాశాను."

"ఖాళీగా ఉంటే ఎప్పుడైనా రాసుకోవచ్చని ఉండీది. నువ్వు నింపీసావు. ఇంకెక్కడ రాస్తాను?"

"మరి తెలీదు కదక్కా."

"నీకు తెలీదు. తెలీదనీది ఊరి పేరు కాదు." కాసేపు ఆ అక్షరాలు చూసింది. "రేపు నన్ను పెట్టినప్పుడు ఇది చదువుతావు. ఎవరొస్తారు ముందుకి?"

దిద్దమంది. రిజిస్టరులో రాసింది దిద్దాలంటే సాక్ష్యం కావాలన్నాను. ఎంతమంది సాక్షులేటి అంది. ఇద్దరైనా ఉండాలి, వాక్యం అంతే కదా అన్నాను. సరేనంది. అంతటితో వదిలేసిందనుకున్నాను.

ఆమె బడి నుంచి రిటైరయ్యాక ఒక రోజు మా ఇంటికి రెండు పెట్టెలతో వచ్చింది. ఒకటి విప్పి ఉంది, అందులో కాగితాలు. రెండోది సీలు వేసి ఉంది.

"మొదటి సాక్షిని తెచ్చాను," అంది.

ఒక చిన్న ట్యూబులో ఉమ్మి పంపితే, అందులోంచి తల్లివైపు గుర్తులు చదివి పంపిస్తారట. వంటగట్టు మీద సుద్దతో గీసింది. అమ్మ నుంచి పిల్లలకు ఒకటి వస్తుంది, నాన్నది అందులో కలవదు. కొడుక్కీ వస్తుంది గానీ కొడుకు దగ్గర ఆగిపోతుంది. కూతురు దగ్గర్నుంచి ముందుకు పోతుంది. ఎన్నో తరాలకు ఒకసారి అందులో ఒక చిన్న మార్పు పడుతుంది. పడింది పోదు, దానిమీద ఇంకొకటి పడుతుంది.

"వేగను మీద సుద్దగుర్తుల్లాగ. బయటివి వానకి పోయాయి. ఇవి లోపలివి. ఏ వానకీ పోవు."

ఆ గుర్తుల వరుస పట్టుకుని వెనక్కి వెళ్తే ప్రపంచంలో అందరి గీతలూ ఆఫ్రికాలో ఒకే తల్లి దగ్గరకు చేరతాయంది. అక్కడ నుంచి కొందరు బయలుదేరారు, సముద్రపు ఒడ్డున నడిచినవాళ్లూ ఉన్నారంటారు, తరాలకు తరాలు నడిచి ఈ దేశం చేరారు. ఆ గీతలు దారిలో కొమ్మలుగా చీలాయి, టీచరమ్మ కొమ్మ ఇక్కడే పుట్టిన పాత కొమ్మల్లో ఒకటి. ఆ కొమ్మ వాళ్లు మన కోస్తాలోనూ ఉన్నారట, ఈ ఛత్తీస్‌గఢ్ అడవుల్లోనూ ఉన్నారట.

"ఊరేదక్కా మరి?"

"ఊరు రాదు తమ్ముడూ. దారి వస్తాది."

ఒక్క తల్లి అన్న మాట నాకు తేలికగానే ఎక్కింది. నేను చిన్నప్పట్నుంచి నమ్మిందే. ఆ నడకకు పట్టాయన్న వేల వేల ఏళ్లే ఎక్కలేదు. వంశావళుల లెక్క వేస్తే అంత రాదన్నాను.

"వంశావళిలో అందరు తాతల పేర్లూ రాసారేటి? అమ్మల్ని అసలే రాయలేదు. రాయనంత మాత్రాన లేనట్టా?"

నేనింకేదో అన్నాను. ఆమె వినలేదు. గట్టుమీద గీతల్లో ఒకటి మధ్యలో ఆగిపోయి ఉంటే దానిమీద వేలు పెట్టింది.

"ఆ తల్లి రోజుల్లో ఇంకా ఆడాళ్లున్నారు. వాళ్లకి కొడుకులే పుట్టారో, కూతుళ్లకి కూతుళ్లు పుట్టలేదో, గీతలు ఆగిపోయాయి. నాదీ నా దగ్గరే ఆగిపోతాది." పెళ్లి చేసుకోని మనిషి. ఆ మాట పాఠం చెప్పినట్టే చెప్పి కొంగుతో తుడిచేసింది. ఆమె ప్రభువును ఎరిగిన మనిషి, అందులో నాకు ఏనాడూ సందేహం లేదు. ఆ ఏళ్ల లెక్క మాత్రం నాకు ఈరోజుకీ ఒప్పుదల కాలేదు.

అప్పుడు సీలువేసిన పెట్టె నా ముందుకు జరిపింది.

"నువ్వు రెండో సాక్షివి. నీ అమ్మ కొమ్మా నా అమ్మ కొమ్మా ఒకటైతే, మీ అమ్మ ఊరేదో అదే రాయి. అయితే రాస్తావా?"

మా అమ్మా పాలకొండ మనిషే. "రాస్తాను," అన్నాను.

"మాటేనా?"

"మాటే. కలవకపోతే?"

"కలవకపోతే ఇంకా వెనక్కెళ్దాం. ఎక్కడో కలుస్తాయి. కలవక ఎక్కడికి పోతాయి?"

పెట్టెలోని కాగితం నాకు చదివి వినిపించింది. ఉమ్మే ముందు అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు. ట్యూబుమీద ఉన్న గీత వరకూ నింపాలి, నురగ లెక్కలోకి రాదు. ఆ వచ్చేది నెలలో మొదటి ఆదివారం. నేను పొద్దున్నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఆరాధన అయ్యింది. వెంటనే గుడి పక్కగదిలోకి వెళ్లి గీత వరకూ నింపి, మూత బిగించి, టీచరమ్మకు ఇచ్చాను. ఆమె పోస్టు చేసింది. కొన్ని వారాలకు జవాబు వచ్చింది. నమూనా పనికిరాలేదు, వేరే పదార్థాలు కలిశాయి, ఇంకో ట్యూబు పంపుతున్నాం అని.

"ఏం తిన్నావు తమ్ముడూ?"

"ఏమీ తినలేదక్కా. పరగడుపే."

"మొదటి ఆదివారం కదా. బల్ల తీసుకోలేదేటి?"

తీసుకున్నాను. ఆ రోజు సంఘమంతా తీసుకునే ప్రభువు బల్ల, రొట్టె, ద్రాక్షరసం. ఉమ్మడానికి రెండు నిమిషాల ముందు. అది తిండి అనీ, తాగడం అనీ నాకు తోచనే లేదు. నలభై ఏళ్లుగా అది నాకు తిండి కాదు.

"అది తిండి కాదక్కా," అన్నాను.

ఆమె నవ్వింది. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వి, సుద్ద అంటిన కొంగుతో తుడుచుకుంటే చెంపమీద తెల్లటి గీత పడింది. తర్వాత నవ్వు ఆపి, "నిజమే. కాదు. ఆ లేబరేటరీ వాడికి తెలీదు కదా పాపం," అంది.

"ప్రభువుకి ఇష్టం లేదేమోనక్కా."

"ఆయన మీద పెట్టకు. ఆయనకి నీ ఉమ్ముతో పనేటి?"

కొత్త ట్యూబు వచ్చింది. తన బీరువాలో పెట్టుకుంది. "తీరికైనప్పుడు చెప్పు. పరగడుపున. బల్లకి ముందు," అంది. కలిసినప్పుడల్లా అడగలేదు. ఏడాదికి ఒకసారి అడిగేది, క్రిస్మస్ కేకు ఇవ్వడానికి వచ్చినప్పుడు. "తీరికైందా తమ్ముడూ?" నేను ప్లాంటులో షిఫ్టు అనేవాణ్ణి. రిటైరయ్యాక షుగరు మాత్రలు అన్నాను. పరగడుపున ఉండలేనన్నాను. ఆమె సరే అనేది.

కారణం అది కాదు. రాయాలి కాబట్టి రాస్తున్నాను. కలవదని కాదు నా భయం, కలుస్తుందని. మా తాత ఈ సంఘంలో మొదటి పెద్ద. వేగన్లో దొరికిన పిల్లకు పాలకొండ అని నా చేత్తో రాస్తే మావాళ్లు ఏమంటారో నాకు తెలుసు. సాలూరు వాళ్లు ఏమన్నారో మా నాన్న చెప్పగా విన్నాను. సాక్ష్యం కావాలన్నది నేను. సాక్ష్యం ఇవ్వనిదీ నేనే.

ఈ ఏడు వానలు మొదలైన వారంలో ఆమెకు జ్వరం వచ్చింది. ఆసుపత్రిలో చూడ్డానికి వెళ్తే మంచం పక్కన బల్లమీద సుద్ద గీతలు. నర్సులకు ఏదో పాఠం చెప్పినట్టుంది. నన్ను ట్యూబు సంగతి అడగలేదు. "గొడుగు తెచ్చావా?" అంది. అంతే. మూడో రోజున పోయింది.

సమాధుల తోటలో వాన ఆగి ఉంది. పాస్టరుగారు ప్రార్థన ముగించి నా వైపు చూశారు. నేను రిజిస్టరు తెరిచాను. పేరు చదివాను. బాప్తిస్మం పొందిన ఏడు చదివాను. తర్వాతి గడి దగ్గర నా దస్తూరి, చక్కటి దస్తూరి. నోరు దానంతట అదే చదివింది.

"స్వస్థలం, తెలియదు."

ఎవరూ కదలలేదు. వేయనని ఎవరూ అనలేదు, అది చెప్పాలి. బొబ్బిలి వాళ్లు టెక్కలి వాళ్ల వైపు చూశారు. టెక్కలి వాళ్లు సాలూరు వాళ్ల వైపు చూశారు. సాలూరు వాళ్లు నేలకేసి చూశారు. పాలకొండ వాళ్లు నన్ను చూశారు. ఎవరి వంతో ఎవరికీ తెలియలేదు. గొయ్యి తవ్విన మనిషి పార మీద చెయ్యి వేసి, ముందు ఎవరని అడిగాడు.

"బాబూజీ, పహలే కౌన్?"

నేను పుస్తకంలోకి చూశాను. అక్కడే ఉంది, ఒక్క మాట. వెనక నుంచి ఒక ముసలావిడ, "ఎవులో ఒకలు వెయ్యండర్రా. పిల్లనెంతసేపలగుంచుతారు?" అంది. డెబ్బై నాలుగేళ్ల మనిషిని పిల్ల అంది. గొయ్యి తవ్విన మనిషికి తెలుగు రాదు. ఆ గొంతు విని అదే అనుమతి అనుకున్నాడు. మొదటి మట్టి పారలోంచి పడింది. తడిమట్టి, పెట్టెమీద పెద్ద చప్పుడైంది. ఆ తర్వాత అందరం వేశాం. నేనూ వేశాను. ఇంటికి వచ్చి గోళ్లలో మట్టి కడుక్కున్నాను.

ఈ రోజు మొదటి ఆదివారం. పొద్దున్న ఫ్రిజ్ మీది పెట్టె తీసి సంచీలో పెట్టుకున్నాను. షుగరు మాత్ర వేసుకోలేదు. నీళ్లు ముట్టలేదు. ఆరాధనకు పాట ఎత్తుకున్నాక పక్కగదిలోకి వచ్చి సీలు తీశాను. ట్యూబుకు గడువు దాటిపోయిందేమో, తీసుకుంటారో లేదో తెలియదు. ఆమె అన్నట్టు వెనక్కి వెళ్తే ఎక్కడో కలుస్తాయని ముందే తెలిసినప్పుడు, అసలు ఈ ట్యూబు ఎందుకో కూడా తెలియదు. ఆ రోజే పాలకొండ అని రాసేసినా సరిపోయేది. కానీ సాక్ష్యం ఇస్తానని మాట ఇచ్చాను. బల్లమీద రిజిస్టరు ఆమె వరుస దగ్గర తెరిచి పెట్టుకున్నాను.

నోరు ఎండిపోయి ఉంది. రెండు చుక్కలు, నురగ. నురగ లెక్కలోకి రాదు. బుగ్గలు లోపలికి లాగి, నాలుక కదిపి, మళ్లీ ప్రయత్నించాను. అవతల పాట అయిపోయింది. వాక్యం అయిపోయింది. ఇత్తడి పళ్లెం చప్పుడు వినిపించింది. ఈ సంఘంలో నేను బల్ల తప్పిన ఆదివారం లేదు. పరిచారకుడు తలుపు తట్టాడు.

"సెక్రటరీ గారూ, రొట్టె పంచీస్తన్నారు. ఏటి చేస్తన్నారు లోపల?"

ట్యూబును వెలుతురుకు ఎత్తి చూశాను. ఇంకా సగం కూడా కాలేదు.

"నన్ను దాటి పొమ్మను," అన్నాను. "ఇంకా గీత దాకా రాలేదు."